ఇంటర్ సెకండియర్ కబడ్డీ ఎడమ కార్నర్: యూనివర్సిటీ మ్యాట్‌కు ఒళ్లు తయారైందా, ఎట్ల చూడాలె?

పరకాల_పీడీ:

నమస్తే సార్లూ, అన్నలూ. మా జూనియర్ కాలేజీ కబడ్డీ జట్టుల ఒక ఎడమ కార్నర్ (కూతకొచ్చే రైడర్‌ను ఎడమ కొసన నిలవడి పట్టెటోడు) ఉన్నడు. వయసు 17 నిండినయ్, ఎత్తు 174 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. యాంకిల్ హోల్డ్ మంచిగ పడ్తడు, రైడర్ మళ్లేటప్పుడు కాలు దొరకబట్టుడు వానికి బాగ వచ్చు. ఇంటర్ అయిపోంగనే దోస్త్ ఆన్‌లైన్ అడ్మిషన్లల డిగ్రీ సీటు తీసుకుంటడు. కాకతీయ యూనివర్సిటీ ఇంటర్ కాలేజీ పోటీలు ఆడించి, మంచిగ ఆడితే సౌత్ జోన్ (దక్షిణాది యూనివర్సిటీల పోటీ) సెలెక్షన్స్‌కు పంపాలని ఉన్నది.

ఇబ్బంది ఏందంటే, వాడు ఇప్పటిదాంక మట్టి మీదనే ఆడిండు, అదీ తన ఈడు పిలగాండ్లతోని. అక్కడ ఎదురుంగ వచ్చేది 22, 24 ఏండ్ల రైడర్లు, 80 కిలోల దగ్గర ఉండెటోళ్లు. ఇంటోళ్లు, ఊరోళ్లు అందరిదీ ఒక్కటే మాట, ముందు పది కిలోలు పెంచుమని. నాకైతే అది సరిగ్గ అనిపిస్తలేదు.

నా దగ్గర ఉన్నయి టేపు, స్లో మోషన్ తీసే ఫోను, ఒక బార్‌బెల్, ప్లేట్లు, కాలేజీ గోడ. వీటితోని ఏమేం కొలవాలె? ఎంత వస్తే సరే అనుకోవాలె? ఏది తక్కువుంటే ఆపాలె? లెక్కలతోని చెప్తే మీకు పుణ్యముంటది.

హన్మకొండ_ఫిజియో:

పీడీ గారూ, మీ అనుమానం సరైనదే. తూకం యంత్రం పక్కన పెట్టి ముందు చీలమండ చూడండి.

మిడ్‌లైన్ నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, అక్కడి నుంచి బోనస్ లైన్ ఇంకో మీటరు, సగం కోర్టు లోతు 6.5. అంటే బోనస్ లైన్ వెనుక మీవాడికి మిగిలే జాగా 1.75 మీటర్లు. ఆ ఇరుకులో మోకాళ్లు వంచి, నడుము దించి, మడమ నేల మీదే ఉంచి కాచుకోవాలి. చీలమండ ముందుకు వంగకపోతే పిల్లవాడు మడమైనా లేపుతాడు, లేదా నడుము దగ్గర వంగి తల ముందుకు పెడతాడు. మడమ లేపితే మొదటి అడుగు ఆలస్యమవుతుంది. తల ముందుకు పెడితే రైడర్ మోకాలు నేరుగా దవడకు వస్తుంది. చాలామంది కోచ్‌లు దీన్ని టెక్నిక్ తప్పు అనుకొని తిడతారు గానీ, అది కీలు బిగుసుకుపోయిన తప్పు. తిడితే పోదు.

గోడ పరీక్ష ఇలా చేయించండి. గోడకు నిలువుగా నేల మీద టేపు పరచండి. ఉత్తి కాళ్లతో బొటనవేలు, మడమ మధ్యభాగం రెండూ టేపు గీత మీద ఉండాలి. మోకాలు ముందుకు వంచి గోడను తాకించమనండి. తాకితే పాదం ఒక సెంటీమీటరు వెనక్కి. మడమ లేవకుండా మోకాలు గోడకు తాకిన చివరి దూరమే లెక్క. మడమ కింద ఒక కాగితం ముక్క పెట్టి మీరు మెల్లగా లాగండి, చేతికి వచ్చేసిందంటే మడమ లేచినట్టే. పాదం బయటికి తిప్పినా, అరికాలి వంపు లోపలికి కూలినా దూరం ఎక్కువ వచ్చినట్టు కనపడుతుంది, అది లెక్కలోకి రాదు. 10 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే మంచిది. 8 లోపు ఉన్నా, రెండు కాళ్లకు తేడా 2 సెంటీమీటర్లు దాటినా ఎప్పటిదో పాత బెణుకు సరిగా మానలేదేమోనని అనుమానించాలి. పిల్లలు ఆ బెణుకు సంగతి చెప్పరు, మీరే అడగాలి.

తర్వాత ఒంటికాలి మీద మడమ లేపడం. గోడకు రెండు వేళ్లు ఆనించి, మోకాలు వంచకుండా, రెండు సెకన్లకు ఒకటి చొప్పున. ఒక్కో కాలికి 25 దాటాలి.

తర్వాత ఒంటికాలి గెంతు. దూకిన కాలి మీదే దిగి, రెండు సెకన్లు కదలకుండా నిలబడితేనే లెక్క. మూడుసార్లలో మంచిది తీసుకొని తక్కువ కాలి దూరాన్ని ఎక్కువ కాలి దూరంతో భాగించండి. 90 శాతం కంటే తక్కువ వస్తే మ్యాట్ మీద లైవ్ ట్యాకిల్ (నిజంగా మనిషిని పట్టడం) వద్దు. ఎదురుగా నిలబడి వీడియో తీయండి, దిగేటప్పుడు మోకాలు లోపలికి పడుతుందేమో చూడాలి. మట్టి మీద పాదం కొంత జారి మోకాలిని కాపాడుతుంది. మ్యాట్ మీద బూటు పట్టేసుకుంటుంది, పాదం కదలదు, ఒళ్లు మాత్రం తిరుగుతుంది. ఆ మెలి అంతా మోకాలు మోస్తుంది. మట్టి నుంచి మ్యాట్‌కు వచ్చిన మొదటి నెలల్లో మోకాలి లిగమెంట్ విషయంలో నాకు ఎక్కువ భయం అందుకే.

మెడ కూడా మరవొద్దు. వెల్లకిలా పడుకొని, గడ్డం లోపలికి లాక్కొని, తల రెండున్నర సెంటీమీటర్లు లేపి ఆపమనండి. 40 సెకన్ల దాకా ఆపాలి. గడ్డం పైకి వచ్చిన క్షణం గడియారం ఆపేయండి.

ఇవన్నీ చేయించే ముందు నాలుగు మాటలు అడగండి: ఆడేటప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పిందా, ఛాతీలో నొప్పి వచ్చిందా, ఇంట్లో ఎవరైనా 50 ఏళ్లలోపు హఠాత్తుగా చనిపోయారా, తలకు దెబ్బ తగిలి వాంతి, మగత వచ్చిందా. ఒక్కదానికి అవునన్నా డాక్టరు చూసి, ఈసీజీ తీశాకే మిగతావి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 13 గ్రాములు ఉండాలి.

మ్యాట్_కోచ్:

ఫిజియో సార్ చెప్పినయి అయినంక నావి చెయ్యిండ్రి.

మొదలు 10 మీటర్ల ఉరుకు. చేతి స్టాప్‌వాచ్ నమ్మకుండ్రి, నొక్కుట్లనే 0.2 సెకన్ల దాంక తేడా వస్తది, మనకు కావాల్సిన తేడా దానికన్న చిన్నది. ఫోన్‌ల సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి పక్క నుంచి తియ్యిండ్రి. వెనుక కాలు నేల ఇడిసిన ఫ్రేము నుంచి ఛాతి గీత దాటిన ఫ్రేము దాంక లెక్కవెట్టి 240 తోని భాగిస్తే సెకన్లు వస్తయి. 1.85 లోపు వస్తే కార్నర్‌కు మంచిదే.

ఇప్పుడు ఊరోళ్ల పది కిలోల ముచ్చట. రైడర్‌ను ఆపేది ఉత్త బరువు కాదు, బరువును వేగంతోని గుణిస్తే వచ్చేది. 70 కిలోల పిలగాడు 1.80 సెకన్లల ఉరికితే సగటు వేగం సెకనుకు 5.56 మీటర్లు, గుణిస్తే 389. అదే పిలగాడు 76 కిలోలై 1.85 ల ఉరికితే 411, అంటే లాభం. 76 అయి 2 సెకన్లు తీసుకుంటే 380. ఆరు కిలోలు మోసి కూడ ముందటికన్న తక్కువ గుద్దుతున్నడన్నట్టు. ప్రతి కిలోన్నరకు ఒకసారి ఈ ఉరుకు మళ్ల తియ్యిండ్రి. గుణిస్తే వచ్చిన అంకె తగ్గిందా, బరువు పెంచుడు అక్కడనే ఆపాలె.

బలానికి స్క్వాట్. బార్‌తో కలిపి ఒంటి బరువుకు ఒకటిన్నర రెట్లు కావాలె. అట్లని 17 ఏండ్లోనితోని ఒక్కసారికి ఎంత లేపుతవో చూద్దామని పెట్టకుండ్రి, నడుం పట్టేస్తది. ఐదుసార్లు శుభ్రంగ లేపే బరువు చూడుండ్రి, దానికి ఆరో వంతు కలిపితే ఒకసారి లేపగలిగేది దాదాపు తెలుస్తది. 85 కిలోలు ఐదుసార్లు లేపితే 99 అన్నట్టు, మీవోనికి అదే గురి.

పట్టుకు తువ్వాల. పుల్లప్ రాడ్డు మీదికెళ్లి తువ్వాల ఏసి రెండు కొసలు పట్టుకొని ఏలాడాలె, 30 సెకన్లు తక్కువల తక్కువ. పట్టు ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న, యాంకిల్ హోల్డ్‌ల వేళ్లల్ల వేళ్లు దూర్చి బిగించే అలవాటు ఉంటే ఇయ్యాలనే మాన్పించుండ్రి. 80 కిలోల రైడర్ కాలు తన్నితే ఆ వేళ్లు ఇడిపిచ్చుకునే సందుండదు, ఇరుగుతయి. ఒక చెయ్యి ఇంకో చేతి మణికట్టును కొక్కెం లెక్క పట్టాలె, భుజం తొడకు ఆనాలె, తల రైడర్ కాలికి బయటివైపు ఉండాలె.

ఆఖరిది అన్నిటికన్న ముఖ్యమైంది. 40 నిమిషాల ఆట, కూతకు 30 సెకన్లు. అన్ని కూతలు నిండుగ సాగినా 80, అందుల సగం, 40 సార్లు మీవోడు కాచుకోవాలె. కూతలు తొందరగ అయిపోతే ఇంకా ఎక్కువ. మరి 38వ సారి వాని కాళ్లు ఎట్లున్నయో చూడకుంట తయారైండని ఎట్ల అంటం?

గోనె సంచిల వరి ఊక, కొంచెం ఇసుక నింపి 25 కిలోలు చెయ్యిండ్రి, మూడు మీటర్ల దూరంల నిలవెట్టుండ్రి. పిలగాడు స్టాన్స్‌ల అటిటు కదులుతుంటడు, 30 సెకన్లల రెండుసార్లు మీకు తోచినప్పుడు విజిల్ కొట్టుండ్రి. విజిల్ పడంగనే పోయి సంచి అడుగు పట్టాలె, మళ్ల జాగకు రావాలె. 30 సెకన్లు విశ్రాంతి. ఇట్ల 12 రౌండ్లు. విజిల్ శబ్దం నుంచి చెయ్యి సంచికి తగిలేదాంక టైము వీడియోల తియ్యిండ్రి. మొదటి మూడు రౌండ్ల సగటు, చివరి మూడు రౌండ్ల సగటు పక్కపక్కన పెట్టుండ్రి. 8 శాతం లోపు పెరిగితే తయారే. 12 దాటితే తయారు కాలె, ఎంత మంచి టెక్నిక్ ఉన్నా సరే.

పాత_కవర్:

కోచ్ అన్న లెక్క ఒప్పుకుంట, కని బరువు సంగతి అంత తేలికగ తీసెయ్యద్దు. సీనియర్ నేషనల్స్‌ల, ప్రో కబడ్డీల 85 కిలోల దాంక ఆడొచ్చు, మంచి రైడర్లు ఆ గీత దగ్గరనే ఉంటరు. 66 కిలోల కార్నర్ ఒక్కడే యాంకిల్ పడ్తే రైడర్ మిడ్‌లైన్ దాంక ఈడ్సుకపోతడు. కవర్ (లోపలి పక్క నిలవడే డిఫెండర్) ఆదుకుంటడనుకున్నా ఆ ఒకటిన్నర సెకను వీడు ఆగాలె కద. సూపర్ ట్యాకిల్ టైముల కోర్టుల ముగ్గురే ఉంటరు, ఆదుకునెటోడు కూడ దొరకడు. 71, 72 కిలోలు వానికి కావాలె. పది కిలోలు వద్దు, ఐదారు కిలోలు కావాలె, అదీ మెల్లగ. వారానికి పావుకిలో నుంచి అరకిలో. అంతకన్న తొందరగ పెరిగితే అది పొట్టకే పోతది.

తిండి లెక్క చెప్తున్న. కిలో ఒంటి బరువుకు 1.6 గ్రాముల ప్రోటీన్ పట్టుకుంటే 66 కిలోలకు 106 గ్రాములు. నాలుగు గుడ్లు 24, అరలీటరు పాలు 16, నానవెట్టిన పల్లీలు 50 గ్రాములకు 12, పప్పు 50 గ్రాములకు 11, మీల్‌మేకర్ 50 గ్రాములకు 26. ఇవే 89 అయినయి. మిగిలింది రోజు తినే అన్నం, జొన్న రొట్టెలల్లనే వచ్చేస్తది. ఆదివారం కోడికూర అదనం. హాస్టల్ల ఉండే పిలగానికి పాలు, గుడ్లు కష్టమైతే పల్లీలు, మీల్‌మేకర్ పెంచుండ్రి, గవి ఎక్కడైనా దొరుకుతయి. జిమ్ముల పేరు లేని డబ్బాల అమ్మే పొడి మాత్రం ముట్టద్దు, అందుల ఏం కలిపిండ్రో తెల్వది, డోప్ పరీక్షల దొరికితే పిలగాని ఆట అక్కడనే ఆగిపోతది.

ఇంకొకటి, ఎండలు. మన దగ్గర ఏప్రిల్, మే ల 42, 43 మామూలే. పొద్దుగాల 6 నుంచి 8, సాయంత్రం 5 తర్వాతనే చేపియ్యిండ్రి. ప్రాక్టీసుకు ముందు, తర్వాత తడి బట్టలు ఇడిసి తూకం చూడుండ్రి. 66 కిలోలోడు 1.3 కిలోల కన్న ఎక్కువ తగ్గితే నీళ్లు సాల్తలేవు. తగ్గిన ప్రతి కిలోకు లీటరున్నర తాగాలె, ఉత్త నీళ్లు కాదు, ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో. మ్యాచుకు ముందు నొప్పి మాత్ర ఏసుకునే అలవాటు మన ఊరి టోర్నమెంట్లల్ల ఉన్నది. నీళ్లు తగ్గిన ఒంటికి ఆ మాత్ర కిడ్నీల మీద పడ్తది, వద్దని గట్టిగ చెప్పుండ్రి.

పరకాల_పీడీ:

అందరికీ దండాలు. రెండు రోజులల్ల అన్నీ చేపిచ్చిన. నాలుగు మాటలకు కాదనే చెప్పిండు. అంకెలు ఇవీ.

గోడ పరీక్ష కుడికాలు 11.5, ఎడమకాలు 8. మడమ లేపుడు కుడి 27, ఎడమ 19. గెంతు కుడి 182 సెంటీమీటర్లు, ఎడమ 158. మెడ 22 సెకన్లు. ఉరుకు 1.84. స్క్వాట్ 70 కిలోలు ఐదుసార్లు. తువ్వాల 34 సెకన్లు. సంచి మొదటి మూడు రౌండ్లు సగటు 0.92, చివరి మూడు 1.07. హిమోగ్లోబిన్ 12.1.

గుచ్చి గుచ్చి అడిగితే తొమ్మిదో తరగతిల ఎడమ చీలమండ బెణికిందని, పసుపు పట్టేసి వారం తర్వాత ఆడిండని చెప్పిండు. వీడియోల ఏడో రౌండ్ నుంచి నడుము పైకి లేస్తున్నట్టు కనవడ్తుంది.

హన్మకొండ_ఫిజియో:

చాలా చక్కగా కొలిచారు. అంకెలన్నీ ఎడమ కాలినే చూపిస్తున్నాయి. గెంతులో 158ని 182తో భాగిస్తే 87 శాతం. ఎడమ కార్నర్‌కు బయటి కాలు ఎడమ కాలే. లాబీ (కోర్టు అంచు పట్టీ) పక్క నుంచి రైడర్ వైపు లోపలికి దూకాలంటే తోసేది అదే. ఆ పిక్కకు 19 సార్లకే శక్తి అయిపోతే, మొదటి అడుగు రోజూ ఆలస్యంగానే పడుతుంది. మట్టి మీద తన ఈడు వాళ్లతో అది కనపడలేదు, అంతే.

రోజూ రెండు పూటలా గోడ దగ్గర అదే పరీక్ష భంగిమలో మోకాలు ముందుకు, వెనక్కి 15 సార్లు, మూడు విడతలు. చీలమండ ముందు భాగంలో చిటుక్కుమనే నొప్పి వస్తే ఆపి ఎక్స్‌రే తీయించండి, వెనుక పిక్కలో లాగినట్టుంటే పర్వాలేదు. రోజు విడిచి రోజు ఒంటికాలి మడమ లేపడం, మూడు విడతలు 15, పైకి ఒక సెకను, కిందికి మూడు సెకన్లు. సులువైతే భుజాన పుస్తకాల సంచి. మూడో వారం నుంచి చిన్న గెంతులు, దిగి ఆగడం. మెడకు చేత్తో నుదురు, తల వెనుక, పక్కలు నొక్కి పది సెకన్లు ఆపడం, రోజూ ఐదేసి సార్లు. మూడు వారాలకోసారి మళ్లీ కొలవండి.

హిమోగ్లోబిన్ 12.1 అంటే మగపిల్లవాడికి తక్కువే. మీరే ఐరన్ మాత్రలు కొనివ్వకుండా డాక్టరుకు చూపించి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్ష చేయించండి, నులిపురుగుల మాత్ర సంగతీ అడగండి. భోజనం అయిన వెంటనే చాయ్ తాగే అలవాటుంటే గంట వెనక్కి జరపండి, ఐరన్ ఒంటికి పట్టనీయదు.

మ్యాట్_కోచ్:

0.92 నుంచి 1.07 అంటే 16 శాతం. నడుము లేస్తుందని మీరే చూసిండ్రు కాబట్టి ఇది ఊపిరి సంగతి ఒక్కటే కాదు, తొడల సంగతి కూడ. నడుము లేవకుంట చెయ్యి ఒక్కటే లేటైతే ఊపిరి అనుకునేటోన్ని. స్క్వాట్ లెక్క కూడ అదే చెప్తుంది, 70 ఐదుసార్లంటే ఒకసారికి 82, ఒంటి బరువుకు ఒకటింపావు రెట్లే. రక్తం తక్కువున్నది కాబట్టి ఊపిరి కూడ కొంత కలిసి ఉంటది, అది సరైనంక ఎంత తేడా పడ్తదో చూద్దాం.

వారంల మూడు రోజులు స్క్వాట్, ఐదుసార్లు చొప్పున నాలుగు విడతలు, వారానికి రెండున్నర కిలోల కన్న ఎక్కువ పెంచకుండ్రి. మిగతా రోజులల్ల రెండు రోజులు 15 సెకన్లు ఉరుకుడు, 15 సెకన్లు నడుసుడు, పదిసార్లు, ఐదు నిమిషాలు ఆగి ఇంకో పదిసార్లు. అయితే ఈ ఉరుకుడు హిమోగ్లోబిన్ డాక్టరు చూసినంకనే. ఒక రోజు మ్యాట్. మొదటి రెండు వారాలు మ్యాట్ మీద ఉత్త అడుగులు, ట్యాకిల్ లేదు. ఆ తర్వాత సంచి. గెంతు 90 శాతం దాటినంకనే మనిషి మీద ట్యాకిల్, అదీ 10 నిమిషాలు, వారానికి ఐదు నిమిషాలు కలుపుకుంట పోవాలె.

నా మాట అడిగితే, గెంతు 90 దాటినంక ఇంటర్ కాలేజీ పోటీలకు తీసుకపోవచ్చు, ఒక హాఫ్ ఆడించుండ్రి. సౌత్ జోన్ సెలెక్షన్స్‌కు మాత్రం సంచి తేడా కూడ 8 శాతం లోపుకు వస్తేనే. రాకుంటే వచ్చే యేడు పంపుండ్రి, వానికి ఇంకా 17 ఏండ్లే. ఈ ఎండకాలం ఊర్లల్ల ఫ్లడ్‌లైట్ టోర్నమెంట్లు మాన్పిచ్చాలె. ఒక్క రాత్రిల మూడు నాలుగు మ్యాచులు ఆడితే ఆ ఎడమ కాలు మళ్ల మొదటికొస్తది.

పరకాల_పీడీ:

ఫ్లడ్‌లైట్ టోర్నమెంట్లు మాన్పించుడే కష్టం, కని ఇంటోళ్లకు ఈ అంకెలు సూపెట్టి చెప్త. ఒక్క సందేహం, మ్యాట్ బూట్లు ఎప్పుడు కొనాలె? ఇంకా, పక్క కాలేజీల మ్యాట్ మీద ఆడిన పిలగాండ్లకు తామర వచ్చింది, దానికేం చెయ్యాలె?

పాత_కవర్:

బూట్లు ఇప్పుడే కొనుండ్రి, మ్యాట్ మీదికి పోయే రెండు వారాల ముందు నుంచి తొడిగి ఉత్తగ నడిపియ్యిండ్రి. కొత్త బూట్లతోని నేరుగ మ్యాచుకు దిగితే మడమ పొక్కుతది, పొక్కిన కాలును తప్పించుకుంట అడుగేస్తడు, అప్పుడు ఫిజియో సార్ చెప్పిన మోకాలి మెలి ఇంకా పెరుగుతది. వేలికి, బూటు కొసకు నడుమ చిటికెనవేలి మందం సందుండాలె, మడమ దగ్గర అసలు కదలద్దు.

తామరకు, ఆట అయిపోంగనే సబ్బుతోని స్నానం, ఎవల తువ్వాల వాళ్లకే. మోకాలి ప్యాడ్లు, చెడ్డీలు రోజూ ఉతికి ఎండల ఆరెయ్యాలె, తడివి సంచిల ముడిచి పెట్టద్దు. మ్యాట్‌ను రోజూ క్రిమిసంహారక ద్రావణంతోని తుడిపియ్యాలె. గుండ్రటి మచ్చ కనవడ్తే చర్మ డాక్టరుకు చూపెట్టుండ్రి. మందుల షాపుల అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు పెడితే రెండు రోజులు దురద తగ్గుతది, మచ్చ లోపట పాకుతది. పూర్తిగ మానేదాంక ఆ పిలగాన్ని మ్యాట్ మీదికి రానియ్యద్దు, ఒక్కని నుంచి జట్టంతటికి అంటుకుంటది.